హైదరాబాద్‌లో మౌంటెన్ బైకింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

సైకిల్ కొనబోయేవాళ్లు, కొని బాల్కనీలో పెట్టేసినవాళ్లు, రెండు ఆదివారాలు తొక్కి మోకాళ్లు పట్టుకున్నవాళ్లు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ధరలు సుమారుగా ఇచ్చినవే.

మన ఊరి నేలలో బండ, ముల్లు, ఎండ మూడూ ఎక్కువే. ఇక్కడ డబ్బు ముందుగా టైర్ల మీద, బ్రేకుల మీద, ఒంటికి సరిపోయే సైజు మీద పెట్టాలి. సస్పెన్షన్ (కుదుపుల్ని పీల్చుకునే ఏర్పాటు) సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. కింది జవాబులన్నీ ఈ లెక్కనే రాశాం.

## కొనే ముందు

హైదరాబాద్‌లో కొండలెక్కడున్నాయి? మౌంటెన్ బైక్ నిజంగా అవసరమా?

పెద్ద కొండలు లేవు, గుట్టలున్నాయి. దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఊరు మనది. నేల కింద, నేల మీద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. గంటలకొద్దీ సాగే ఎక్కుడు ఇక్కడ ఉండదు. చిన్నగా, నిటారుగా వచ్చే మిట్టలు, రాళ్లు తేలిన బాటలు, వదులు ఇసుక మలుపులు మాత్రం కావలసినన్ని. వారంలో ఆరు రోజులు ఆఫీసుకి తారు రోడ్డు మీదే వెళ్లేవాళ్లకి హైబ్రిడ్ సైకిల్ తేలిక, వేగం కూడా ఎక్కువ. సర్వీసు రోడ్డు దిగి మట్టి బాట పట్టాలన్న కోరిక ఉంటే మాత్రం మౌంటెన్ బైకే కొనండి. సన్న టైర్లతో ఆ బాటల్లో భయం తప్ప సరదా ఉండదు.

అన్నా, నా బడ్జెట్ ఇరవై వేలు. మంచి ఎంటీబీ (మౌంటెన్ బైక్) వస్తుందా?

నేర్చుకోవడానికి పనికొచ్చేది వస్తుంది. ఈ ధరలో ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం) సాధారణ స్ప్రింగుది, బరువెక్కువ, గుంతలో పడితే ఎగిరెగిరి పడుతుంది. బ్రేకులు కేబుల్ డిస్కువి. ఇదే ధరలో వెనక కూడా స్ప్రింగు పెట్టి అమ్మే మోడళ్ల జోలికి వెళ్లకండి. మీరు తొక్కే బలంలో కొంత ఆ స్ప్రింగు ఊగడానికే పోతుంది. ఇరవై ఒక్క గేర్లని గొప్పగా చెబితే దాన్నీ పట్టించుకోకండి.

ముప్పై నుంచి యాభై వేల మధ్యకి వెళ్తే హైడ్రాలిక్ బ్రేకులు (కేబుల్‌కి బదులు గొట్టంలోని ద్రవంతో పనిచేసేవి) దొరుకుతాయి. నిజమైన తేడా అక్కడే. ఒక్క వేలితో ఆగే సైకిల్ మీద ధైర్యం దానంతటదే వస్తుంది. గేర్లలో షిమానో కంపెనీ వరుస కింది నుంచి పైకి టూర్నీ, ఆల్టస్, ఎసెరా, ఎలివియో, డియోర్. 2023 నుంచి మధ్య వాటి స్థానంలో క్యూస్ అనే కొత్త వరుస వస్తోంది. దీనికి పాతవాటి విడిభాగాలన్నీ కుదరవు, కొనేటప్పుడే అడగండి.

ఎంత బడ్జెట్ అయినా అందులో హెల్మెట్, పంపు, అదనపు ట్యూబుల కోసం మూడు నాలుగు వేలు ముందే పక్కన పెట్టుకోండి.

హార్డ్‌టెయిలా (ముందు మాత్రమే సస్పెన్షన్), ఫుల్ సస్పెన్షనా (ముందూ వెనకా)?

హార్డ్‌టెయిల్. ముందు 100 నుంచి 120 మిల్లీమీటర్ల ట్రావెల్ (గతుకులో ఫోర్కు లోపలికి దిగే దూరం) ఉన్న ఫోర్కు మన బాటలకి చాలు. ఫుల్ సస్పెన్షన్‌లో పనికొచ్చేవి లక్ష దాటాకే మొదలవుతాయి. వాటి వెనక భాగం ఊగే కీళ్లలోని బేరింగులు, వెనక షాక్ సర్వీసు ఖర్చు వేరే.

చక్రం 27.5 తీసుకోవాలా, 29 తీసుకోవాలా?

29 అంగుళాల చక్రం రాళ్ల మీద ఆగకుండా దొర్లుతుంది, మన బండ నేలకి అది బాగా కుదురుతుంది. ఎత్తు అయిదడుగుల మూడంగుళాల లోపు ఉన్నవాళ్లకి 27.5 చేతిలో ఉంటుంది. పాత 26 అంగుళాల సైకిల్ ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు, మంచి టైర్లు వేసి వాడండి. టైరు కొనేటప్పుడు దాని పక్కన ముద్రించిన అంకె చూడండి: 26కి 559, 27.5కి 584, 29కి 622. ఈ అంకె కలిస్తేనే టైరు రిమ్ము మీద కూర్చుంటుంది.

షాపులో "అన్ని సైజులూ ఒకటే సార్" అంటున్నారు. నా సైజు నాకెలా తెలుస్తుంది?

ఒకటే కాదు. ఆ మాట అన్న దుకాణంలో కొనకండి. బూట్లు వేసుకుని సైకిల్ పైగొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. తర్వాత కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. మోచేతులు కాస్త వంగి ఉండాలి, నడుము లాగకూడదు. సీటు ఎత్తు మార్చుకోవచ్చు, ఫ్రేము పొడవు మార్చలేం. రెండు సైజుల మధ్య ఊగిసలాడితే చిన్నదే తీసుకోండి, బండల మధ్య తిప్పడం తేలిక. నచ్చిన రంగులో మీ సైజు లేకపోతే రంగు వదులుకోండి.

సెకండ్‌హ్యాండ్ కొనొచ్చా?

నిక్షేపంగా కొనొచ్చు. అపార్టుమెంట్ల పార్కింగుల్లో దుమ్ము కొట్టుకుంటున్న మంచి సైకిళ్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. పగటి వెలుతురులో చూడండి. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోట, పెడళ్ల ఇరుసు చుట్టూ వెంట్రుక మందం చీలిక కనిపించినా వదిలేయండి. ఫోర్కు కాళ్ల మీద గోరుకి తగిలే గీతలుంటే లోపల సీళ్లు పాడై ఉంటాయి. చక్రం పైకెత్తి తిప్పితే ఊగకూడదు. ఫ్రేము అడుగున సీరియల్ నంబరు గీకేసి ఉంటే అది దొంగ సొత్తు కావచ్చు. బిల్లు అడగండి, లేదంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి.

## దుకాణం, సామాను

ఏ షాపుకి వెళ్లాలి?

పనిని బట్టి. నగరంలో డెకాథ్లాన్ స్టోర్లు చాలా చోట్ల ఉన్నాయి. వాళ్ల రాక్‌రైడర్ బ్రాండు సైకిళ్లు సైజుల వారీగా పెట్టి ఉంటాయి, ఎక్కి చూడనిస్తారు, సర్వీసు కౌంటరూ ఉంటుంది. మొదటి సైకిల్‌కి అక్కడ మొదలుపెట్టడం మంచిదే. ట్రెక్, జైంట్, స్కాట్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రాండ్లు తమ డీలర్ల దగ్గర దొరుకుతాయి.

డీలర్‌ని ఎంచుకునేటప్పుడు సైకిళ్ల వరుస చూసి మురిసిపోకండి, వెనకున్న మెకానిక్‌ని చూడండి. హైడ్రాలిక్ బ్రేకు బ్లీడింగ్ (గొట్టంలో చేరిన గాలి తీసేయడం) ఇక్కడే చేస్తారా? ఫోర్కు సీళ్లు మార్చగలరా? ఈ సైకిల్‌కి డెరైల్యూర్ హ్యాంగర్ స్టాకులో ఉందా? ఈ మూడింటికీ తడబడకుండా జవాబిస్తే ఆ దుకాణాన్ని నమ్మొచ్చు. ముఖ్యంగా హ్యాంగర్. పది రూపాయల నాణెమంత లోహపు ముక్క, గేరు యంత్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచేది అదే. రాయి తగిలితే మొదట వంగేదీ అదే. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం కాబట్టి కొన్న రోజే ఒకటి అదనంగా తీసుకోండి.

మీ గల్లీలోని పాత సైకిల్ దుకాణాన్ని చులకన చేయకండి. స్పోకులు బిగించి వంకర చక్రాన్ని తిన్నగా చేయడంలో, బేరింగులకి గ్రీజు పెట్టడంలో ఆ చేతుల అనుభవం చాలా మంది కొత్త టెక్నీషియన్లకి లేదు. డిస్కు బ్రేకులు మాత్రం తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

ఆన్‌లైన్‌లో అయిదు వేలు తక్కువకి ఉంది, తెప్పించుకోనా?

మీ సైజు కచ్చితంగా తెలిసి, బిగించగల మనిషి దగ్గర్లో ఉంటేనే. పెట్టెలో వచ్చే సైకిల్‌కి హ్యాండిల్, పెడళ్లు, ముందు చక్రం మనమే బిగించుకోవాలి. ఎడమ పెడల్‌కి మర ఎదురు తిరుగుడు. తెలియక బలవంతంగా తిప్పితే క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) పాడైపోతుంది. ఆ మిగిలిన అయిదు వేలు అందులోనే పోతాయి.

బైక్ హెల్మెట్ ఇంట్లో ఉంది, అది పెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. మోటార్‌సైకిల్ హెల్మెట్‌లో గాలి ఆడదు, ఎక్కుడులో తల ఉడికిపోతుంది. లోపల ఈఎన్ 1078 లేదా సీపీఎస్‌సీ అని భద్రతా ప్రమాణం ముద్ర ఉన్న సైకిల్ హెల్మెట్ కొనండి. తల వెనక భాగం కిందిదాకా కప్పేది మట్టి బాటలకి మేలు. కనుబొమలకి రెండు వేళ్ల పైన కూర్చోవాలి, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నట్టే కనిపించినా మార్చేయండి, లోపలి నురుగు ఒక్క దెబ్బకే నలిగిపోతుంది.

బ్యాగులో ఏమేం పెట్టుకోవాలి?

ఒక ట్యూబు, రెండు టైరు లివర్లు, చిన్న చేతి పంపు, అల్లెన్ కీల మల్టీటూల్, చైన్ తెగితే వేసే క్విక్ లింకు. మీ ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉండాలి, రోడ్డు పక్క పంక్చర్ దుకాణాల కంప్రెసర్ దానికి నేరుగా పట్టదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. బాటకి అడ్డంగా వచ్చే తుమ్మ కొమ్మలు సరిగ్గా ముఖం ఎత్తులోనే ఉంటాయి. తెల్లవారకముందే బయలుదేరతాం కాబట్టి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు.

క్లిప్ పెడల్స్ (బూటు అడుగు పెడల్‌కి బిగుసుకునేవి) పెట్టుకోమంటున్నారు?

ఇప్పుడే వద్దు. రాళ్ల మీద కాలు దించడం అలవాటయ్యే దాకా పిన్నులున్న వెడల్పాటి ఫ్లాట్ పెడళ్లు, చదునైన రబ్బరు అడుగున్న బూట్లు చాలు.

## బాటలు

మొదటి నెల ఎక్కడ తొక్కాలి?

కాళ్లు కుదురుకోవడానికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సోలార్ సైకిల్ ట్రాక్ బాగుంటుంది. 2023 అక్టోబరులో మొదలైన ఈ 23 కిలోమీటర్ల ట్రాక్‌లో ఒక భాగం నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీస్ అకాడమీ వైపు, ఇంకొకటి నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఉంటుంది. నెత్తిన సోలార్ పలకల నీడ, కార్ల భయం లేదు. గేర్లు మార్చడం, నిలబడి తొక్కడం, ఒక చేత్తో నీళ్లు తాగడం ఇక్కడే నేర్చుకోండి. ఔటర్ ప్రధాన రోడ్డు మీదకి సైకిళ్లకి అనుమతి లేదు, పొరపాటున కూడా ర్యాంపు ఎక్కకండి.

తర్వాత గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల ఊళ్లు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఈ రెండు జలాశయాల పరిసరాల్లో పొలాల మధ్య బండ్ల బాటలు ఇంకా మిగిలున్నాయి. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు వెళ్లేకొద్దీ అవి పెరుగుతాయి. ఏటా కొన్ని ప్లాట్లుగా మారి ప్రహరీలు లేస్తున్నాయి కాబట్టి పాత మ్యాపును గుడ్డిగా నమ్మకండి. పొలంలో మనిషి కనిపిస్తే ఆగి, "అన్నా, ఇట్ల పోతే దారి ఉందా?" అని అడగండి. దారి తెలుస్తుంది, వాళ్ల పొలం గుండా వెళ్తున్నామన్న మర్యాదా దక్కుతుంది. పైరున్న గట్టు మీద చక్రం పెట్టొద్దు.

ఖాజాగూడ బండల మీద సైకిల్ తొక్కొచ్చా?

పొడిగా ఉన్న గ్రానైట్ మీద టైరుకి దొరికే పట్టు తారు రోడ్డు మీద కూడా దొరకదు. తడిస్తే, నాచు పట్టిన నల్లటి చారల మీదైతే, అదే బండ సబ్బులా జారుతుంది. ముందు నడిచి వెళ్లి చూడండి, దిగగలనని నమ్మకం కుదిరిన వాలునే ఎక్కండి. వాలు దిగేటప్పుడు సీటు దించి, నడుము వెనక్కి వేసి, పెడళ్లు రెండూ సమానంగా ఉంచి, రెండు బ్రేకులూ మెల్లగా పట్టండి.

పొద్దున అక్కడికి నడకకి వచ్చేవాళ్లు, బండలెక్కడం నేర్చుకునేవాళ్లు వస్తారు. దర్గా ఉంది, గుడి ఉంది. జనం కనిపిస్తే దిగి నడిపించుకెళ్లండి. దారి గుర్తు కోసం రాళ్ల మీద రంగు పూయడం దయచేసి మానండి. ఈ ఊరి బండల్ని కాపాడటానికి 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ లాంటి సంస్థ ఉన్నా, మన కళ్లముందే ఎన్ని గుట్టలు కంకరగా మారాయో చూస్తూనే ఉన్నాం. మిగిలినవాటి మీద మన గీత పడకూడదు.

కేబీఆర్ పార్కులో, చిలుకూరు మృగవనిలో మట్టి బాటలు బాగున్నాయి, అక్కడ తొక్కొచ్చా?

వద్దు. రెండూ జాతీయ ఉద్యానాలు, వనస్థలిపురం హరిణ వనస్థలి కూడా అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తించే చోట్లు. మిగతా రిజర్వు ఫారెస్టుల్లోకైనా అటవీ శాఖ అనుమతి లేకుండా చక్రం పెట్టకండి. యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్లాలన్నా గేటు దగ్గర అడిగి, ఒప్పుకుంటేనే.

అనంతగిరి వెళ్లాలని ఉంది. ఎలా, ఎప్పుడు?

వికారాబాద్ దగ్గరి అనంతగిరి నగరం నుంచి సుమారు 80 కిలోమీటర్లు. తొలిసారి వెళ్లేవాళ్లు అంత దూరం తొక్కుకుంటూ పోయి, అలసిన కాళ్లతో అడవి బాట ఎక్కవద్దు. సైకిళ్లు కారు వెనక కట్టుకుని చీకటితోనే బయలుదేరండి. చేవెళ్ల దారిలో రోడ్డుకి రెండు వైపులా పాత మర్రిచెట్లు వస్తాయి, అక్కడ కాసేపు ఆగడం ఆనవాయితీ.

గుట్ట మీద నేల మన ఊరి బండలాంటిది కాదు. ఎర్రటి జేగురు మట్టి, గులకరాళ్లు, ఆకులు పరుచుకున్న మలుపులు. మూసీ నది పుట్టేది ఇక్కడే. అనంత పద్మనాభస్వామి గుడికి వచ్చే భక్తులు, శని ఆదివారాల్లో కార్ల గుంపులు ఉంటాయి కాబట్టి వీలైతే మామూలు రోజున వెళ్లండి. అడవి లోపలి బాటల్లోకి వెళ్లే ముందు అటవీ సిబ్బందిని అడగండి. వాళ్లు వద్దన్న చోటికి వెళ్లకండి, ఎవరి పేరో చెప్పి ఒప్పించాలని చూడకండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానలు ఆగిన కొత్తలో పచ్చగా, చాలా అందంగా ఉంటుంది, నీడ పట్టున జారుడు మాత్రం ఎక్కువ. గుట్ట దిగే తారు రోడ్డు చూసి మురిసిపోయి వేగం పెంచకండి. మలుపు అవతల బస్సు ఉంటుంది. బ్రేకు నొక్కిపట్టి దిగితే డిస్కు కాగిపోతుంది, పట్టి వదులుతూ దిగండి.

వానాకాలంలో మానేయాలా?

నేలని బట్టి. ఎర్ర చెల్క నేల అయితే వాన వెలిసిన కొన్ని గంటలకే తొక్కొచ్చు. చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడి తగిలితే మాత్రం వెనక్కి తిరగండి. చక్రానికీ ఫ్రేముకీ మధ్య బంక మట్టి పేరుకుని చక్రం తిరగదు, బలవంతంగా తొక్కితే గేరు హ్యాంగర్ విరుగుతుంది. మెత్తటి బాటలో మన చక్రాలు చేసిన గాడి ఎండాక అలాగే గట్టిపడి, తర్వాత వచ్చేవాళ్లని పడేస్తుంది. నీళ్లు పారుతున్న కల్వర్టు దాటే ప్రయత్నం ఎన్నడూ వద్దు.

కుక్కలు వెంటపడుతున్నాయి, ఏం చేయాలి?

వేగం పెంచితే అవీ పెంచుతాయి. ఆగి, దిగి, సైకిల్‌ని మీకూ కుక్కకీ మధ్య ఉంచుకుని గట్టిగా ఒక్క మాట అరవండి. వంగి రాయి తీసినట్టు కదిలితే చాలాసార్లు తగ్గిపోతాయి. కరిస్తే, గీరినా సరే, పారే నీటి కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టండి. పసుపు, కారం పెట్టడం లాంటివి చేయకండి.

మా అమ్మాయి ఒంటరిగా వెళ్తానంటోంది. పంపొచ్చా?

సైకిల్ ట్రాక్ మీదకి, జనం ఉండే దారుల్లోకి పంపండి. నిర్మానుష్యంగా ఉండే బాటలకి మాత్రం అమ్మాయైనా అబ్బాయైనా ఒక్కరే వెళ్లకూడదు. పడితే లేపే మనిషి కావాలి. 2007లో మొదలైన హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ లాంటి బృందాలతో కలిస్తే తోడూ దొరుకుతుంది, దారులూ తెలుస్తాయి. లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపి బయలుదేరడం అందరికీ అలవాటు కావాలి. అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108.

## ఒంటి సత్తువ

నలభై అయిదు దాటాయి, బీపీ మాత్రలు వాడుతున్నాను. మొదలుపెట్టొచ్చా?

డాక్టర్‌కి చూపించుకుని, సరేనంటే తప్పకుండా. మొదటి ఆరు వారాలు వారానికి మూడు రోజులు, ముప్పై నలభై నిమిషాలు, చదును దారిలో. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం. మాట తెగుతుంటే తగ్గించండి. దాని తర్వాత వారానికి ఒక్కటే పెంచండి, దూరమో, ఎక్కుడో. గుండెల్లో పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యి లాగినా, కళ్లు తిరిగినా ఆగిపోండి, ఆసుపత్రికి వెళ్లండి.

ఎక్కుడు రాగానే ఊపిరి అందడం లేదు. ఎంత తొక్కినా అంతే.

పదింట ఎనిమిది సార్లు సమస్య గేరులో ఉంటుంది. మిట్ట మొదలయ్యాక, పెడల్ బరువెక్కాక గేరు మారుస్తున్నారు. అప్పటికి చైన్ మీద బలం ఎక్కువై గేరు పడదు, కాళ్లు ఆగిపోతాయి. మిట్టకి పది గజాల ముందే తేలిక గేరు వేసుకోండి. నిమిషానికి డెబ్బై, ఎనభై చుట్లు తిరిగేలా కాళ్లు ఆడాలి. సీటు ముందు అంచుకి జరిగి, ఛాతీ హ్యాండిల్ వైపు వంచండి, ముందు చక్రం లేవదు. నిలబడితే వెనక టైరు గులకరాళ్ల మీద పట్టు తప్పి తిరుగుతుంది, కాబట్టి కూర్చునే ఎక్కండి. చూపు చక్రం ముందున్న రాయి మీద కాకుండా మిట్ట పైన వెళ్లాల్సిన చోట ఉండాలి.

ఇవన్నీ చేశాక మిగిలిందే దమ్ము. దానికి వారంలో ఒక రోజు ఒకే మిట్టని ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. నాలుగుసార్లతో మొదలుపెట్టండి. ఇంట్లో గుంజీలు, ప్లాంకు వారానికి రెండు రోజులు చేస్తే నడుము పట్టు దొరుకుతుంది. ఆ పట్టు లేక అలసిపోయేవాళ్లే ఎక్కువ, కాళ్ల బలం లేక కాదు.

మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. సైక్లింగ్ మానేయాలా?

ముందు సీటు చూడండి. మోకాలి చిప్ప ముందు నొప్పిగా ఉంటే సాధారణంగా సీటు కిందికి ఉంది, వెనక నరం లాగుతుంటే పైకి ఉంది. మడమ పెడల్ మీద పెట్టి పెడల్‌ని పూర్తిగా కిందికి దించితే కాలు తిన్నగా రావాలి. అప్పుడు ముంగాలితో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అర సెంటీమీటరు చొప్పున మార్చి చూడండి. బరువు గేరు నెమ్మదిగా నెట్టే అలవాటు కూడా మానుకోవాలి. వాపు వచ్చినా, రెండు వారాలకి తగ్గకపోయినా ఎముకల డాక్టర్‌కి చూపించండి.

చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి.

బరువంతా అరచేతుల మీద పడుతోంది. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూసి చదునుగా చేయండి. బ్రేకు లివర్లు ముంజేతికి తిన్నగా ఉండాలి. పట్టు సడలించండి.

ఎండాకాలం ఎన్ని నీళ్లు తీసుకెళ్లాలి?

గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు, పైన ఒక సీసా అదనంగా. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండేలా లెక్క వేసుకోండి. మేలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో బండ రాళ్లు పొద్దెక్కిన గంటలోనే వేడి చిమ్ముతాయి. ఒట్టి నీళ్లే గుక్కలు గుక్కలుగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకోండి, లేదా ఉప్పు, పంచదార, నిమ్మకాయ. ఇంటికొచ్చాక పలచటి మజ్జిగ.

ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఏసీ గదిలో వారమంతా గడిపి ఆదివారం మిట్ట మధ్యాహ్నం సాహసం చేయకండి. తోటి మనిషి తడబడి మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

పొద్దున్నే ఏం తిని వెళ్లాలి?

గంట లోపు రైడ్ అయితే ఒక అరటిపండు చాలు. రెండు గంటలు దాటేదైతే వెళ్లే ముందు రెండు ఇడ్లీలు, దారిలో ఖర్జూరాలు, పల్లీపట్టీ. పూరీ, దోసె తిరిగొచ్చాకే.

## సైకిల్ సంరక్షణ

వెళ్లిన ప్రతిసారీ పంక్చర్. ఏం చేసినా ఆగడం లేదు.

మన బాటల్లో ఇది అందరి గోడు. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఏ కాలంలోనైనా ఉంటాయి, తుమ్మ కొట్టేసిన పొలాల గట్ల వెంట మరీ. పంక్చర్ వేసే ముందు టైరు లోపల బట్టతో నిమిరి చూడండి. విరిగిన ముల్లు కొస లోపలే ఉండిపోతే కొత్త ట్యూబూ పది నిమిషాల్లో పోతుంది. గుచ్చుకుంది ముల్లు కాకుండా ట్యూబులో పాము కాటులా రెండు రంధ్రాలు పక్కపక్కన ఉంటే గాలి తక్కువై రిమ్ము నొక్కిందని అర్థం.

శాశ్వత మందు ట్యూబ్‌లెస్. రిమ్ము, టైరు రెండూ దానికి తగినవైతే, లోపల పోసే సీలెంటు చిన్న ముల్లు రంధ్రాల్ని దానంతటదే పూడుస్తుంది. మన ఎండకి సీలెంటు త్వరగా ఆరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి పోయించాలి. అంత ఖర్చు వద్దనుకుంటే మామూలు ట్యూబులోనే సీలెంటు వేసుకోవచ్చు. ముల్లు గుచ్చుకుని కనిపిస్తే ఇంటికొచ్చే దాకా పీకకండి.

టైర్లో గాలి ఎంత పెట్టాలి?

70 కిలోల మనిషి, 2.2 అంగుళాల టైరు అనుకుంటే మట్టి బాటలో ముందు 28, వెనక 30 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. తారు మీదే ఎక్కువ అయితే 40. బొటనవేలితో నొక్కి చూసే లెక్క పనికిరాదు, గేజీ కొనండి. పెట్రోలు బంకు గాలితో జాగ్రత్త, రెండు క్షణాల్లో పరిమితి దాటిపోతుంది.

చైన్‌కి ఇంజిన్ ఆయిల్ పోయొచ్చా?

వద్దు. మన దుమ్ముకి అది రుబ్బురోలు పిండిలా మారి పళ్లన్నీ అరగదీస్తుంది. చైన్ కోసమే అమ్మే నూనె వాడండి: ఎండాకాలం డ్రై లూబ్, వానల్లో వెట్ లూబ్. బట్టతో చైన్ తుడిచి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి, పావుగంటాగి పైన మిగిలింది తుడిచేయండి. చైన్ గేజీ (చైన్ అరుగుదల కొలిచేది) 0.75 చూపిస్తే చైన్ మార్చండి. ఆలస్యం చేస్తే క్యాసెట్ (వెనక చక్రం పళ్ల చక్రాల గుత్తి) కూడా మార్చాలి, దాని ధర రెండు మూడింతలు ఉంటుంది.

డిస్కు బ్రేకులు కీచుమంటున్నాయి, సరిగ్గా ఆగడం లేదు.

చైన్ స్ప్రే తుంపర డిస్కు మీద పడిందేమో గుర్తు చేసుకోండి, ఎక్కువగా అదే కారణం. డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన బట్టతో తుడవండి, వేలు తగలనివ్వకండి. ప్యాడ్లు నూనె పీల్చి ఉంటే మార్చడమే. ప్యాడ్ మీద మిగిలిన పదార్థం మిల్లీమీటరు దగ్గరికి వచ్చినా మార్చండి. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద మోస్తరు వేగంతో వెళ్లి, నెమ్మదిగా పట్టి, పూర్తిగా ఆగకుండా వదలడం ఇరవై సార్లు చేస్తే పట్టు వస్తుంది.

లివరు మెత్తగా, స్పంజిలా దిగుతుంటే గొట్టంలో గాలి చేరింది, బ్లీడింగ్ చేయించాలి. షిమానో బ్రేకులకి మినరల్ ఆయిల్ పోస్తారు. కొన్ని ఇతర బ్రాండ్లకి డాట్ అనే బ్రేకు ద్రవం. ఒకదానికి పోసేది ఇంకొకదానికి పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి బ్రేకే పాడవుతుంది, కాబట్టి ఏది పోస్తున్నారో మెకానిక్‌ని అడిగి, సీసా చూసి మరీ పోయించుకోండి.